నిసియా

లమారా కొట్లో నా పేరు మీద పదకొండు పేజీలు.
రొట్టె. నూనె. మళ్ళీ రొట్టె.
జుంబెర్ సిగరెట్లు, నాకు చెప్పనివి మూడుసార్లు.
కొట్టేసిన గీతలు చాలా తక్కువ.

మా చియాతురాలో దీన్ని నిసియా అంటాం.
అప్పు అంటే తల దించుకోవాలి.
నిసియా అంటే "రాసుకో, లమారా" అనేసి
రెండు చేతులా సంచులతో
మోచేత్తో తలుపు నెట్టుకుంటూ వచ్చేయొచ్చు.

నా పని రోప్‌వే మీద.
పైన గని, కింద మాంగనీసు కడిగి కడిగి నల్లబడ్డ నది,
నడుమ నేను, ఓ ఇనుప డబ్బా, పదిమంది మనుషులు.
ఒక డబ్బా దిగుతుంటే ఆ బరువుకే
ఇంకోటి పైకి లేస్తుంది.
మా ఇంట్లో మాత్రం రెండూ కిందికే.

ఆ చలికాలం గనిలో రెండు నెలలు జీతాల్లేవు.
తాకట్టు కొట్లో కుర్రాడు నా చెవికమ్మలు తూచాడు.
నీలం రాళ్ళు లెక్కలోకి రావన్నాడు,
పిన్నుతో పీకి, కాగితంలో పొట్లం కట్టి
నా చేతిలో పెట్టాడు.
మూడోసారి వడ్డీ కట్టి మెట్లు దిగుతుంటే తట్టింది:
పెట్టుకోని కమ్మలకి అద్దె కడుతున్నాను.

ఆ సాయంత్రం ఓ గళ్ళ పుస్తకం కొన్నాను.
మొదటి ఖర్చు ఆ పుస్తకమే: ఒక లరీ ఇరవై.

నెల్లాళ్ళు ఎవరికీ చెప్పకుండా రాశాను.
రాయడమంటే ఏం లేదు,
ఇల్లంతా దీపం పట్టుకు తిరగడం.
ఎలుక కన్నం పిండిడబ్బా వెనకుందనుకుంటాం,
తీరా చూస్తే మన కుర్చీ కిందే.
పని దిగి వస్తూ నేను కొనుక్కునే వేడి ఖచపూరి
నెలకి నలభై రెండు లరీలు.
దాన్నెప్పుడూ తిండి కింద లెక్కేసుకోలేదు,
అలసట కింద వేసుకున్నాను.

పుస్తకం చూసి జుంబెర్ రెండు రోజులు మాట్లాడలేదు.
మూడోరోజు, "చావు విందుకిచ్చింది కూడా రాశావా?"
రాశాను. పక్కింటి వలికో పోయినప్పుడు ముప్పై.
మావాళ్ళు పోయినవాళ్ళ పేర గ్లాసెత్తుతారు,
పుట్టబోయేవాళ్ళ పేర ఎత్తుతారు,
రాబోయే గ్యాసు బిల్లు పేర ఎవరూ ఎత్తగా చూళ్ళేదు.
ఆ మాటకి నవ్వాడు. నేను నవ్వించాలని అనలేదు.

పుస్తకం వెనక్కి తిప్పి కొత్త ఖాతా తెరిచాను:
ఎతెరికి ఇవ్వాల్సింది.
జీతం రోజున, రొట్టెకంటే ముందు, లమారాకంటే ముందు,
పది లరీలు ఖాళీ ఆల్బుకారా పచ్చడి సీసాలోకి.
నోట్లు పులుపు వాసన కొట్టేవి.
వెయ్యలేని నెల నా పేరున నిసియా.
నేనింత కటువైన కొట్టుదాన్నని
నాకే తెలీదు.

కరెంటు పోతే డబ్బా నది మీద గాల్లో ఆగిపోతుంది.
ఎవరూ మాట్లాడరు. ఎవరి బుట్టలోనో కోడి గొణుగుతుంది.
పై స్టేషన్లో చేత్తో తిప్పే ఇరుసొకటుంది,
అంగుళం అంగుళం ఒడ్డుకి లాగుతుంది.
దానికి గ్రీజు పెట్టేది
ఎండ కాసే రోజుల్లోనే.

ఫిబ్రవరిలో పాప నాతెలాకి పన్ను వాచి దవడంతా పొంగింది.
సీసా బోర్లించాం.
అడుగున పది తెత్రీల బిళ్ళొకటి అంటుకుని రాలేదు.
ఏడుస్తాననుకున్నాను.
కానీ ఆ రాత్రి మేం ఎవరి తలుపూ కొట్టలేదు.
సున్నా దగ్గర నిలబడటం ఎంత సుఖమో
ఏళ్ళ తరబడి దాని దిగువన బతికినవాళ్ళకి తెలుస్తుంది.

మార్చిలో జుంబెర్ గని బట్టల్తోనే వంటింట్లోకొచ్చి
రెండు లరీల బిళ్ళలు రెండు బల్ల మీద పెట్టాడు.
"సిగరెట్లవి" అన్నాడు.
గొంతు సవరించుకుని,
"రాసుకో, ఎతెరీ."

నా పదకొండో పేజీ కొట్టేయడానికి
లమారా స్కేలు కోసం వెతికింది, గీత వంకర పోకూడదని.
"ఇంక రావా?" అంది.
నిమ్మకాయ ఒకటి తీసుకుని చిల్లర లెక్కపెట్టి ఇచ్చాను.

కమ్మలింకా విడిపించలేదు.
రాళ్ళ పొట్లం సీసా పక్కనే ఉంది.